దర్జీల సందుకు విజిల్ లేదు

సకీనా బీబీ చెత్త బకెట్టు పట్టుకుని సందు మొదట్లో నిలబడింది. చెత్తబండి ఆమె కళ్ళముందునుంచే ఆగకుండా వెళ్ళిపోయింది.

ఆ బండి తోస్తున్నది మేరీరాణి. పెళ్ళి చేసుకుని శ్రీకాకుళం నుంచి ఈ బెంగాలీ మహానగరానికి వచ్చిన నాటినుంచీ ఏక్‌బాల్‌పూర్‌ పేటలో దర్జీల సందు చెత్త ఎత్తేది ఆమే. చెత్త ఎత్తేవాళ్ళలో ఎవరి విజిల్ వాళ్ళది. మేరీరాణిది రెండు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత. అది వినబడితే సందులో కుట్టుమిషన్లు ఆగేవి, ఆడవాళ్ళు బకెట్లతో గుమ్మాల్లోకి వచ్చేవారు. ఈ రోజు విజిల్ ఆమె మెడలోనే వేలాడింది.

"దీదీ, గాడీ రోకో," అని బండి ఆపమంది సకీనా బీబీ.

మేరీరాణి తల వంచుకుని బండి తోసింది. చెంప పగలగొట్టినా ఆమెకు అంత సిగ్గు వేసేది కాదు. వెనక్కి తిరిగి చూడలేదు.

ఎందుకలా చేసిందంటారా? చెయ్యెత్తింది కాబట్టి.

సరిహద్దులో యుద్ధం మొదలైంది. ఓ సాయంత్రం విమానదాడి కసరత్తని చెప్పి ఊరంతా దీపాలార్పమన్నారు. దర్జీల సందులో ఒక కిటికీ వెలుగుతూ ఉందని ఎవరో ఫొటో తీసి ఫోన్లలో తిప్పారు. పడుకునే వేళకు ఆ ఒక్క కిటికీ పది కిటికీలైంది. తెల్లారేసరికి శత్రు విమానాలకు సైగ అయి కూర్చుంది. నోరు ఊరుకుంటే కదా!

ఆ పొద్దున్నే హాజరు వేసే చోటికి కాంట్రాక్టు కంపెనీ మేనేజరు పట్టాభి వచ్చాడు. మనవాడే, తెలుగువాడే. చెత్త ఎత్తేవాళ్ళు ఎప్పుడైనా ఆయన ఫ్లాటుకు వెళితే గుమ్మం బయటే నిలబెట్టి మాట్లాడి పంపేవాడు. ఆ రోజు మాత్రం మనమంతా ఒకే కుటుంబమన్నాడు. బండికొక జెండా పంచాడు.

"చూడండమ్మా, దేశానికి కష్టం వచ్చింది. సైనికుడు అక్కడ తన పని చేస్తున్నాడు, మనం ఇక్కడ మన వంతు చెయ్యాలి. దీపం ఆర్పని సందుకు మనం సేవ చెయ్యం. నేనేమీ బలవంతం పెట్టను. ఇష్టమైనవాళ్ళే చెయ్యెత్తండి."

ఇష్టమట! హాజరు వేసేది ఆయన, రేపు పనిలోకి రావాలో వద్దో చెప్పేది ఆయన, మధ్యలో ఇష్టమొకటి.

ముందు మేస్త్రీ వెంకటరత్నం చెయ్యి లేచింది. తర్వాత అప్పమ్మ చెయ్యి. అప్పమ్మ అందరికీ పెద్ద. ఏళ్ళ తరబడి పీల్చిన దుమ్ముకు, విజిల్ ఊదితే మధ్యలో దగ్గొచ్చి కూత విరిగిపోతుంది. ఆమె మనవడు ప్రదీప్‌కుమార్ సైన్యంలో ఉన్నాడు. ఆమె చెయ్యి లేచాక ఇంకెవరి చెయ్యి కిందుంటుంది? మేరీరాణి కుడివైపు చూసింది, ఎడమవైపు చూసింది. మిగతావాళ్ళూ అదే పనిలో ఉన్నారు. చూసి చూసి ఆమె కూడా ఎత్తింది.

మొదట్లో భయపడే ఆ సందు దాటారు. మర్నాటికి ఆ భయానికి ఒక కారణం దొరికింది. ఆళ్ళు మంచోళ్ళయితే దీపం ఎందుకు ఆర్పలేదు? నాలుగు నాళ్ళు పోయేసరికి కారణమే మిగిలింది, భయం మరుగున పడింది. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని "సూడు, ఎలగ కంపు కొడతన్నారో ఈ మనుసులు" అనుకుంటూ బళ్ళు తోసుకుపోయారు. చెత్త ఎత్తడం మానేసింది తామేనని ఒక్కరికీ గుర్తు లేదు. యుద్ధానికి మనల్ని ఒప్పించడం ఇంత సులువు. చేతికి తుపాకీ ఇవ్వక్కర్లేదు, రోజూ చేసే పనొకటి మానెయ్యమంటే చాలు.

ఎండలకు చెత్త కుళ్ళింది. ఈగలు ముసిరాయి. ఒకరోజు సకీనా బీబీ బకెట్టు లేకుండా వచ్చి బండికి అడ్డం నిలబడింది.

"పిల్లలకు వాంతులు పట్టుకున్నాయి దీదీ," అంది హిందీలో. "ఆ సాయంత్రం వెలిగిన దీపం మా ఇంట్లోదే. తెల్లారేసరికి సరుకు కావాలని మీ కంపెనీవాళ్ళే ఆర్డరిచ్చారు. చీకట్లో ఎలా కుట్టమంటావు?"

"ఏటి కుట్టినారు?" అంది మేరీరాణి తెలుగులోనే, పరాకుగా.

ఏం అర్థమైందో, సకీనా బీబీ బండికి కట్టిన జెండా అంచు పట్టుకుని కుట్టు మీద బొటనవేలు పెట్టింది. "ఇదే."

మేరీరాణి ఆ కుట్టు తడిమి చూసింది. తర్వాత బండి సందులోకి తిప్పి విజిల్ నోట్లో పెట్టుకుంది. రెండు పొట్టి, ఒక పొడుగు. మునుపటిలా తలుపులు ధడాలున తెరుచుకోలేదు. ఒక్కొక్కటే, ముందు ఓరగా, మనిషిని చూసుకున్నాక పూర్తిగా తెరుచుకున్నాయి.

సాయంత్రానికి చెత్త ఎత్తేవాళ్ళ క్వార్టర్సంతా తెలిసిపోయింది. కుళాయి దగ్గర అప్పమ్మ పట్టుకుంది.

"ఒలే మేరీ, నీకేటైనాదే? నా మనవడు ఆడ సావుకెదురుగా నిలబడితే, నువ్వు ఆళ్ళ సెత్త మోస్తావా?"

"ఆళ్ళు ఆ రోజు కుట్టింది మన జెండాలే అత్తా. మన బళ్ళకి కట్టినవే."

"అయితే ఏటి? దీపం ఆర్పినారా, నేదా?"

"నేదు."

"మరింకేటి మాట?" అన్నాడు వెంకటరత్నం. "అందరం ఒక మాట మీదుంటే నీ ఒక్కదానికేటే గొప్ప? నీ వల్ల అందరి నోట్లో మట్టి పడతాది."

"మావా, ఊళ్ళో మన తాతలకి టీకొట్టుకాడ వేరే గళాసు ఎట్టీవోరు. అప్పుడూ ఊరంతా ఒక మాట మీదే ఉండీవోరు కాదేటి?"

ఆ మాటకు జవాబు అందరికీ తెలుసు.  అప్పమ్మ తన బిందె తీసి దూరంగా పెట్టుకుంది. ఆమె తీశాక అందరూ తీశారు.

ఆమెను వెలివేశామని ఎవరూ అనలేదు. పొద్దున్నే టీ కెటిల్ చుట్టూ చేరేవాళ్ళు ఆమెకు మట్టికప్పు అందించడం మర్చిపోయారు, అంతే. ఆదివారం ప్రార్థనలో ఆమె కూర్చున్న చాప మీద మిగతా చోటంతా ఖాళీగా ఉంది. అదే రోజుల్లో పట్టాభి ఆమెను పనిలోంచి తీసేశాడు. విజిల్ కంపెనీదంటూ మెడలోంచి తీయించుకున్నాడు.

భర్త జయప్రకాశ్ పోయినప్పుడు కూడా మేరీరాణి ఇంత ఒంటరిగా లేదు. అప్పుడు ఇదే అప్పమ్మ పక్కన పడుకుని, కసిరి గంజి తాగించింది. ఇప్పుడు గోడ అవతల అప్పమ్మ దగ్గు వినబడుతుంది. లేచి మంచినీళ్ళిద్దామని చెంబు పట్టుకుని, గుమ్మం దాకా వెళ్ళి, ఆ తలుపు తియ్యరని గుర్తొచ్చి వెనక్కి వచ్చేది. ఆ నీళ్ళు తనే తాగేది. ఏడుపొచ్చేది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలిసేది కాదు. శత్రువుల మీద కోపం సులువు, మన అన్నవాళ్ళ మీద ఎలా వస్తుంది?

అయినా రోజూ పొద్దున్నే హాజరు వేళకు వెళ్ళి గేటు బయట నిలబడేది. పనిస్తారన్న ఆశ లేదు. నలుగురి గొంతులు వినకుండా ఉండలేక వెళ్ళేది.

లోపల పట్టాభి రోజుకొక మాట చెబుతున్నాడు. యుద్ధం అయ్యేదాకా ఆదివారం సెలవు లేదన్నాడు, చేతులు లేచాయి. అదనంగా రెండు వీధులు ఊడవాలన్నాడు, చేతులు లేచాయి. ఎత్తడం అలవాటైన చేతులకు దింపడం చేతకాదు.

ఆ పొద్దున అప్పమ్మ ముందుకొచ్చింది.

"బాబూ, మా ప్రదీపు రైలు ఇయ్యాల సంత్రాగాఛి టేసను మీదుగా ఎల్తాదంట. కాసేపు ఆగుతాదంట. ఒక్క పూట సెలవియ్యండి, సూసొస్తాను."

"అదేంటమ్మా, మీ మనవడు దేశానికి ప్రాణమిస్తానంటుంటే మీరు ఒక్క పూట పని ఇవ్వలేరా?"

"పని ఇయ్యననలేదు బాబూ. ఆడి మొకం ఒక్కపాలి సూస్తానన్నాను."

"మీకిస్తే రేపు అందరూ అడుగుతారు. సరే, నేను నిరంకుశంగా చెయ్యను. అప్పమ్మకు సెలవివ్వాలనేవాళ్ళు చెయ్యెత్తండి."

అప్పమ్మ కుడివైపు చూసింది, ఎడమవైపు చూసింది. వెంకటరత్నం చెప్పులు చూసుకుంటున్నాడు. ఆమె చేత్తో పురుడు పోయించుకున్న ఆడవాళ్ళున్నారు అక్కడ. వాళ్ళూ నేల చూపులే. ఒక్క చెయ్యి లేవలేదు.

గేటు చువ్వల పైన ఒక్కటి లేచింది. మేరీరాణి మునివేళ్ళ మీద నిలబడి, అందరికీ కనబడేలా ఎత్తింది. అప్పమ్మ ఆ చెయ్యి చూసింది. మిగతావాళ్ళు అప్పమ్మ చూపు వెంట చూశారు.

"అప్పమ్మకి సెలవియ్యండి బాబూ," అంది మేరీరాణి.

పట్టాభి ఫోన్ తీశాడు. యుద్ధ సమయంలో పనివాళ్ళను రెచ్చగొడుతోందని చెప్పాడు. ఠాణా మలుపులోనే ఉంది. ఇద్దరు పోలీసులు వచ్చి ఆమెను తీసుకుపోయారు. ఎవరూ అడ్డం రాలేదు. నడిచిన ఆ కాస్త దూరమూ ఆమె చెవులు వెనక్కే ఉన్నాయి. ఒక్క అడుగు చప్పుడైనా తన వెంట వస్తుందేమోనని విన్నది. రాలేదు.

ఠాణాలో కిటికీ కింద బల్ల మీద కూర్చోబెట్టారు. తప్పయిందని ఒప్పుకుని వేలిముద్ర వేసి పొమ్మన్నాడు సిపాయి. ఒల్లనంది. అయితే కూర్చోమని అతను టీ తాగుతున్నాడు.

అప్పుడు వినబడింది, దగ్గుతో మధ్యలో విరిగిపోయిన ఒక కూత.

మేరీరాణి లేచి నిలబడింది. అది అప్పమ్మ విజిల్. అప్పమ్మ చెత్త ఎత్తే వీధి పెద్ద రోడ్డుకు అవతల. ఈ కూత వచ్చింది దర్జీల సందు వైపునుంచి. కాసేపటికి ఆ కూత ఆగి, అదే చోటునుంచి వెంకటరత్నం విజిల్ లావుగా పలికింది. అత్త బండి అక్కడ వదిలేసి సంత్రాగాఛి బస్సెక్కి ఉంటుంది. ఆ బండి మేస్త్రీ అందుకుని ఉంటాడు. మనవడి రైలు ఆమెకు అందుతుందో లేదో మేరీరాణికి తెలియదు. అందాలని కొంగు నోట్లో కుక్కుకుని దేవుణ్ణి వేడుకుంది.

ఇంకో విజిల్ వచ్చి కలిసింది. ఇంకోటి. ఒకరిది గొలుసులా, ఒకరిది ముక్కలుగా, ఎవరి తీరు వారిది. లోపలి గదిలో ఫోన్ మోగింది. ఎస్సై ఎవరికో "అన్ని బళ్ళూ ఆ సందులోనే ఉంటే నేనేం చెయ్యను" అంటున్నాడు. ఉన్నట్టుండి విజిళ్ళన్నీ ఒక్క క్షణం ఆగాయి. తర్వాత అన్నీ కలిసి ఒకే కూత కూశాయి.

రెండు పొట్టి, ఒక పొడుగు.

సిపాయి టీ కప్పు దింపి కిటికీ దగ్గరికి వచ్చాడు. "ఎవరిదా విజిల్?" అన్నాడు హిందీలో.

"నాది దాదా."

"నువ్వు ఇక్కడున్నావుగా?"

"ఇక్కడే ఉన్నాను," అంది మేరీరాణి, ఖాళీ మెడ తడుముకుంటూ. బయట మళ్ళీ మోగింది.