ఆఖరి రీలు దాకా బతికే వేషం

ఫోను మోగేసరికి దున్యా వంటింట్లో మొగుడు బోగ్దాన్ మెడ మీద ముద్దు పెడుతోంది. పెళ్లై నెల తిరగలేదు. ఆ ఇంట్లో కాఫీ పొంగినా, రొట్టె మాడినా ఆ పనయ్యాకే మిగతావి. విసుక్కుంటూనే వెళ్లి ఎత్తింది.

"రదోయ్కా గారిల్లేనా?" అందో ఆడగొంతు. "సినిమా ఆఫీసు నుంచి. మా దర్శకుడు ఆవిడే కావాలంటున్నాడు. ముసలమ్మ వేషం, చిన్నదే కానీ గట్టిది. ఎల్లుండి బట్టల కొలతలకు రావాలి. కాగితాలు సాయంత్రానికి పంపిస్తాం."

దున్యా సరేనంది, ఫోను పెట్టేసింది, బోగ్దాన్‌ని ఇంకోసారి ముద్దు పెట్టుకుంది, ఉత్త కాళ్లతో బాల్కనీలోకి పరుగెత్తింది.

బోగ్దాన్ మేనత్త రదోయ్కా అక్కడ డాన్యూబ్ నది వైపు తిరిగి సిగరెట్టు కాలుస్తోంది. కొత్త జంటకు వెనక గది ఇచ్చింది ఆవిడే. "గోడలు పలచన, కాస్త సిగ్గు పడండి" అని మొదటి రోజే చెప్పింది. వాళ్లు పడలేదు.

ఒకప్పుడు ఆ సెర్బుల దేశంలో యుద్ధం సినిమాలు వానాకాలం పుట్టగొడుగుల్లా వచ్చేవి. కొండల్లో జర్మన్ల మీద తిరగబడ్డ మన పార్టిజాన్లు, మేడలో జర్మన్లు. ఆ మేడలో ఒక జర్మన్ ఆడమనిషి ఉండి తీరాలి. జనరల్ పెళ్లామో, నర్సు వేషంలో గూఢచారో, కారణం లేకుండా గాజు గ్లాసు పట్టుకుని నిలబడే మనిషో. రదోయ్కా జెమున్ పేటలో గుర్రపు జీనులు కుట్టేవాడి కూతురు. జుట్టు పసుపుపచ్చగా, బుగ్గ ఎముకలు ఎత్తుగా ఉండటమే ఆవిడ చేసిన నేరం. ఆవిడకొచ్చిన జర్మన్ గుప్పెడు మాటలు. అవి కూడా అవతలివాణ్ణి నిలబెట్టడానికో, తరమడానికో మాత్రమే పనికొచ్చేవి.

ఆ సినిమాల్లో పార్టిజాన్ వేషం కట్టిన ఆడపిల్లలు ముఖాన మసి పూసుకుని, వదులు ప్యాంట్లు వేసుకుని తిరిగేవాళ్లు. రదోయ్కా ఎర్రటి పెదాలతో, పట్టు మేజోళ్లతో మెట్లు దిగేది. ఊళ్లో మగపిల్లల మనసంతా పార్టిజాన్ల పక్షమే, కళ్లు మాత్రం శత్రువుతో చేతులు కలిపాయి. కింద మాంసం కొట్టు మిలోరాద్ ఈ వయసులో కూడా ఆవిడ వస్తే జర్మన్ సిపాయిలా మడమలు దగ్గరికి చేర్చి నిలబడి లేతదూడ మాంసం కోసిస్తాడు. ఆవిణ్ణి స్నానాల తొట్టిలో కాల్చేసిన సినిమా చూసిన రాత్రి అతను అన్నం ముట్టలేదట. కొడుకు అమరవీరుల కోసం ఏడుస్తున్నాడని వాళ్లమ్మ మురిసిపోయిందట.

ఏ సినిమాలోనూ రదోయ్కా ఆఖరి రీలు దాకా బతకలేదు. మెట్ల మీద చచ్చింది, వంతెన మీంచి కారుతో సహా పడి చచ్చింది. చచ్చిన ప్రతిసారీ హాలంతా చప్పట్లు. తర్వాత ఆ సినిమాలు ఆగిపోయాయి, ఫోను కూడా ఆగిపోయింది. "ఆ లైట్ల వేడి ఇంకొక్కసారి మొహానికి తగిలితే చాలు, తర్వాత నిజంగానే చస్తాను" అనేది పండగ పూట రెండో గ్లాసు తర్వాత.

"అత్తయ్యా, సినిమావాళ్లు పిలిచారు. ముసలమ్మ వేషమట."

రదోయ్కా సిగరెట్టు ఆర్పేసింది. మేడ మెట్లు దిగబోతున్నట్టు గడ్డం ఎత్తింది.

"జర్మన్ ముసలమ్మ" అందావిడ. అది ప్రశ్న కాదు. దున్యాకు కూడా అడగాలని తోచలేదు. సూర్యుడు ఎటు పొడుస్తాడని ఎవరడుగుతారు?

మధ్యాహ్నానికి జుట్టుకు పాత పసుపుపచ్చ రంగు తెప్పించే పని మొదలైంది. దున్యా రసాయన శాస్త్రంలో పట్టా పుచ్చుకుంది కాబట్టి ధైర్యం ఎక్కువ. ఫలితం గుడ్డు పచ్చసొన రంగులో వచ్చింది. బోగ్దాన్ చూసి నవ్వాపుకోలేక బాత్రూం తలుపు వెనక్కి పోయాడు.

శుభవార్త వచ్చిన ఇల్లు పదిమంది నోరు తీపి చేయాలి. సాయంత్రం మిలోరాద్ సాసేజీలు పట్టుకుని వచ్చాడు. పై అంతస్తు నుంచి లెపోసావ దిగింది. వదులు ప్యాంట్ల పార్టిజాన్ పిల్లల్లో ఈవిడే మొదటిది. తెర మీద రదోయ్కాను ఎన్నిసార్లు కాల్చిందో ఇద్దరికీ లెక్కలేదు.

"ఏమే, ఇంకా బతికే ఉన్నావా?" అంది లెపోసావ.

"నీ గురి ఎప్పుడు కుదిరింది కనక."

"అదేంటే నెత్తి మీద? ఆమ్లెట్టా?"

"కుళ్లుకోకు. పిలుపు నాకొచ్చింది."

లెపోసావ నవ్వింది కానీ చూపు ఒక్క క్షణం ఫోను మీదికి పోయింది. దున్యా కొత్తకోడలి లాంఛనంగా అందరికీ చెంచాడు పండ్ల పాకం, గ్లాసుడు నీళ్లు అందించింది. అప్పుడే బోగ్దాన్ కాగితాలు తెచ్చి పైకి చదివాడు.

"స్తానా. డెబ్బై దాటిన సెర్బ్ తల్లి. కొండ ఊరు. నల్ల తలగుడ్డ. పిండి పిసుకుతూ ఉంటుంది. కొడుకు శవం చూసి గుండెలు బాదుకుని..."

బోగ్దాన్ కాగితం మీంచి తలెత్తి అత్త వైపు చూశాడు. మిలోరాద్ చెంచా నోట్లోనే ఉండిపోయింది. లెపోసావ మాత్రం పళ్ల సెట్టు జారకుండా చేత్తో పట్టుకుని మరీ నవ్వింది.

"తల్లట. ఇది. దీన్ని చూస్తే ఆవు కూడా పాలు చేపదు."

రదోయ్కా లేచి నిలబడింది. "పొరపాటు పడ్డారు. ఇది ఈ లెపోసావకి రావాల్సింది. దున్యా, ఫోను చేసి రానని చెప్పేయ్."

"ఇన్నాళ్లు ఎదురుచూసి ఇప్పుడు రానంటారేంటి అత్తయ్యా?"

"నాకు పిండి పిసకడం రాదే తల్లీ. ఏ సినిమాలోనూ నన్ను వంటింట్లోకి రానివ్వలేదు. ఏడవడం రాదు. చావడం ఒక్కటే వచ్చు. ఈ వయసులో ఊరంతా నవ్వుతుంటే చూడమంటావా?"

దున్యా ఫోను దగ్గరికి పోలేదు. కాలేజీ రోజుల నుంచీ ఆమెకో దురలవాటు. ఏ పుస్తకమైనా ముందు ఆఖరి పేజీ చదువుతుంది. మొగుడి చేతిలోంచి కాగితాలు లాక్కుని చివరికి తిప్పింది.

"అత్తయ్యా, ఈవిడ చావదు."

"ఏంటి?"

"చావదు. ఇల్లు కాల్చేస్తారు, కొడుకు పోతాడు, ఆవు కూడా పోతుంది. ఈవిడ మాత్రం ఉంటుంది. ఆఖర్న కాలిన గుమ్మంలో కూర్చుని తను చేసిన రొట్టె తింటుంది. ఈవిడ మొహం మీదే సినిమా అయిపోతుంది."

రదోయ్కా కళ్లద్దాలు వెతుక్కుంది. అవి పచ్చసొన జుట్టులోనే ఉన్నాయి. ఆ కాస్త ముక్కా పెదాలు కదుపుతూ చదివింది, వెనక్కి తిప్పి మళ్లీ చదివింది.

"నా మొహం మీద" అంది మెల్లగా. "మరి అప్పుడు చప్పట్లు దేనికి కొడతారు?"

మిలోరాద్ రుమాలు తీసి గట్టిగా ముక్కు చీదాడు.

"తలగుడ్డ ఉంది కాబట్టి ఆమ్లెట్టు కనపడదులే" అంది లెపోసావ చివరికి. గొంతులో వెక్కిరింత తగ్గింది. "పిండి నేను నేర్పుతా. ఏడుపూ నేర్పుతా. కానీ ఊరికే కాదు."

"ఏం కావాలే?"

"ఆ పట్టు మేజోళ్లు. ఆ ఎర్ర లిప్‌స్టిక్కు. జీవితమంతా ఎవడో విడిచిన ప్యాంట్లలో బురదలో పాకాను. నువ్వు మెట్లు దిగుతుంటే కెమెరా వెనక మావాళ్లు కూడా నోళ్లు తెరుచుకు చూసేవాళ్లు. నాకు కళ్లు లేవనుకున్నావా?"

రదోయ్కా ఆవిణ్ణి ఎగాదిగా చూసింది. "నీ కాళ్లకి పడతాయా?"

"కోసైనా ఎక్కిస్తా."

"సరే" అంది రదోయ్కా కూర్చుంటూ. చెంచాడు పాకం నోట్లో వేసుకుని ఒక్కొక్కరికీ పని చెప్పింది. "రేపు పొద్దున ఏడింటికి దిగు, పిండి నువ్వే తే. నువ్వు మేజోళ్లు వేసుకుని పిసికి చూపిస్తావు, నేను తలగుడ్డ కట్టుకుని నేర్చుకుంటాను. దున్యా, పెద్ద గిన్నె కడిగి ఉంచు. నువ్వు కూడా ఏడవాలి, తోడుంటే నాకు తేలిగ్గా వస్తుంది."

"నేనూ రావచ్చా?" అన్నాడు మిలోరాద్, మడమలు దగ్గరికి చేర్చి.

"నువ్వు కొట్టు తెరుచుకో. రొట్టె కుదిరితే తినడానికి పిలుస్తాం."