వీపు చూసే మనిషి

వీపున రెండు భుజాల నడుమ గడ్డ తీసి కుట్లు వేశాక, "రోజూ కట్టు మార్చాలి, ఇంట్లో ఎవరున్నారు?" అని డాక్టరుగారు అడిగితే, సెలూను పెద్దాయన తడుముకోకుండా "మా ఆవిడ ఉందండీ" అనేశాడు. ఆవిడ పోయి ఏళ్ళు గడిచాయి. ఒంటరివాణ్ణని చెప్పుకోవడం ఆయనకు తలకొట్టేసినంత పని.

కుట్లు తీసేశారు గానీ గాయం మానలేదు. కింది కొసన నోరు తెరుచుకుని చెమ్మగిల్లుతూనే ఉంది. చీము పడితే మళ్ళీ కోయాల్సిందేనని డాక్టరుగారు ఖరాకండిగా చెప్పారు. ఇంకోసారి ఆ ఆపరేషను బల్లెక్కే ఓపిక పెద్దాయనకు లేదు.

సెలూను మూసేసి, పెద్ద అద్దానికి వీపు పెట్టి, చేతి అద్దంలో గాయం చూసుకునేవాడు. వచ్చిన ప్రతివాడికీ మెడ వెనక భాగం అలాగే చూపించి "బాగుందా బాబూ?" అని అడిగిన మనిషి మరి! గాయం కనిపించేది, చెయ్యే అందేది కాదు. దూది ఇటు పెట్టబోతే అటు పోయేది. "ఛీ, వెధవ బతుకు!" అని దాన్ని విసిరికొట్టి, కాసేపటికి తనే వంగి ఏరుకునేవాడు.

ఒకరోజు ఘనకార్యం ఒకటి చేశాడు. గడ్డం గీసేటప్పుడు గాటు పడితే పటిక రుద్దడం ఆయనకు జన్మంతా అలవాటు. ఆ పటికే నీళ్ళలో నూరి, దువ్వెన కొసకు గుడ్డ చుట్టి, గాయానికి పట్టించాడు. ప్రాణం జివ్వుమంది. మండుతోందంటే పనిచేస్తున్నట్టే అని తనకు తనే సర్దిచెప్పుకున్నాడు. పక్కన ఎవరైనా ఉంటే నాలుగు చివాట్లు పెట్టేవారు. లేరే! కొన్నాళ్ళకు చొక్కా వీపుకు అంటుకుపోసాగింది.

వీధికి అవతల ఇంకో సెలూను ఉంది. దాని యజమాని ఈయన దగ్గరే కత్తెర పట్టడం నేర్చుకున్నాడు. ఎంత పనిమంతుడైనా తన తల తాను కత్తిరించుకోలేడు కదా, ఒకప్పుడు ఒకరి జుట్టు ఒకరు చూసుకునేవాళ్ళు. చెప్పాపెట్టకుండా ఎదురుగా కొట్టు తెరిచాడని పెద్దాయన వాడితో మాటలు మానేసి, పంతం కొద్దీ బస్సెక్కి వేరే పేటలో కత్తిరించుకొచ్చేవాడు. ఇప్పుడు బస్సు కుదుపులకు వీపు ఓర్చేలా లేదు. జుట్టు చెవుల మీదకు దిగింది. నిజం చెప్పాలంటే జుట్టు వట్టి వంక.

రోడ్డు దాటి వెళ్ళి, ఉలుకూపలుకూ లేకుండా కుర్చీలో కూర్చున్నాడు. వాడు బిత్తరపోయి, గుడ్డ కప్పబోతూ ఆగాడు.

"అన్నా, వెనక ఈ తడేంటి?"

"చెమటలే. నీకెందుకు, జుట్టు చూడు."

"ముందు చొక్కా విప్పు."

విప్పక తప్పలేదు.

"ఓరి దేవుడా! ఈ తెల్ల పెచ్చులేంటి, పటిక రాశావా? గడ్డం మీద గాటనుకున్నావా? చిన్నపిల్లాడికున్న బుద్ధి కూడా లేదే నీకు!"

ఆ తిట్లు పెద్దాయన చెవికి ఎంత హాయిగా ఉన్నాయో! "తిట్టరా, తిట్టు" అంటూ కళ్ళు తుడుచుకున్నాడు.

వాడు అప్పటికప్పుడు కొట్టు మూసి ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. కోయక్కర్లేదు, శుభ్రంగా ఉంచితే చాలన్నారు. ఆనాటి నుంచి రోజూ పొద్దున్నే, గిరాకీ మొదలవకముందే, పెద్దాయన వెళ్ళి వీపు తిప్పి కూర్చునేవాడు. వాడు చేతులు కడుక్కుని, గాయం తుడిచి, కట్టు కట్టేవాడు. పాత తగవు ఇద్దరూ ఎత్తలేదు. "నొప్పా?" అనేవాడు వాడు. "లేదురా" అనేవాడు ఈయన. అంతే. ఆ ఒక్క మాట కోసమే పెద్దాయన తెల్లారేదాకా ఎదురుచూసేవాడు.

చాన్నాళ్ళకు ఒక పొద్దున కట్టు విప్పి వాడు సంబరంగా అరిచాడు.

"అన్నా, మూసుకుపోయింది! పూర్తిగా మానింది. ఇక నువ్వు పడుతూ లేస్తూ రానక్కర్లేదు."

సంతోషించాల్సింది పోయి పెద్దాయన డీలాపడ్డాడు. చొక్కా చేతిలోనే ఉంది, తొడుక్కోలేదు.

"సరిగ్గా చూశావట్రా?"

"చూశానన్నా."

"ఎక్కడైనా పచ్చిగా ఉందేమో. ఇంకొక్కసారి చూడరా."

 గుమ్మంలోకి ఎవరో గడ్డం గీయించుకోవడానికి వచ్చారు. "కాస్త ఆగండి" అని, వాడు మళ్ళీ చేతులు కడుక్కుని వచ్చి, మానిన చోట అరచెయ్యి ఆనించాడు.

"చూస్తున్నానన్నా. కదలకు."