సజ్దాలో ఆగిన వరుస

మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. పిడుగురాళ్ల సున్నపు బట్టీల దగ్గర సర్దార్‌ను మించిన మొండివాడు లేడు. వారమంతా బట్టీలో రాయి పేర్చేవాడు, శుక్రవారం మసీదులో ముందు నిలబడి నమాజు చేయించేవాడు. బీటలువారిన క్వారీ గోడ కూలి ముగ్గురు కూలీలు నుజ్జునుజ్జయ్యాక, ఇక ఆ గుంటలోకి ఎవరూ దిగొద్దని అడ్డం తిరిగాడు. యుద్ధం రోజులు, సున్నానికి మహా గిరాకీ. క్వారీ గుత్తేదారు ఊరుకుంటాడా? "ఈ శుక్రవారం దాటి బతకడు" అని బజార్లో చెప్పించాడు.

ఆ మాట చెవిన పడ్డప్పటినుంచీ తమ్ముడు నాగూర్ వలికి ముద్ద దిగలేదు. తల్లీ తండ్రీ పోయాక వాణ్ని చంకనేసుకుని పెంచింది ఆ అన్నే. శుక్రవారం మసీదు గుమ్మంలో గడ్డపార పట్టుకుని అడ్డం నిలబడ్డాడు.

"అన్నా, శత్రుభయం ఉంటే సగంమంది నమాజు చేయాల, సగంమంది ఆయుధాలు పట్టుకొని కాపలా ఉండాలని గ్రంథంలో ఉందని నువ్వే గదా చెప్పింది?"

"నమ్ముకున్నోడికి ఆయనే చాలని కూడా నేనే చెప్పాను. అది మర్చిపోయావేంట్రా?"

"ఒకటి ఆయుధం పట్టమంటది, ఒకటి ఊరుకోమంటది. నేనేది పట్టుకోను?"

"అది యుద్ధంలో ఉన్నోళ్లకి చెప్పిన మాటరా. మన మసీదులోకి కత్తి పట్టుకొని ఎవడొస్తాడు? ఆ గడ్డపార అవతల పెట్టి నా ఎనక నిలబడు."

నాగూర్ వలికి ఒళ్లు మండిపోయింది. అయినా అన్న మాట ఏనాడూ జవదాటినవాడు కాదు. గడ్డపార చెప్పుల పక్కన పడేసి వెళ్లి వరుసలో నిలబడ్డాడు.

గుత్తేదారు మేస్త్రీ సుభానీ కూడా ఆ మసీదులో పెరిగినవాడే. ఏ క్షణాన అందరి నుదుళ్లూ నేలను తాకి ఉంటాయో వాడికి బాగా తెలుసు. సరిగ్గా సజ్దాలో ఉండగా ఇద్దరు మనుషులతో పక్క తలుపులోంచి జొరబడ్డాడు.

ముందు ధబ్బుమని చప్పుడైంది. నాగూర్ వలి కదల్లేదు. నమాజు చేయించేవాడు అల్లాహు అక్బర్ అనేదాకా వెనకవాళ్లు తలెత్తరు. ఆ గొంతు రాలేదు. మొద్దు నరికినట్టు మళ్లీ చప్పుడు. వరుస వరుసంతా అలాగే వంగి ఉంది. పక్కనున్న ముసలాయన మెడ మీద గొడ్డలి పడింది, వెచ్చటి నెత్తురు నాగూర్ వలి చెంప మీద చిమ్మింది. ప్రాణం మీదికొస్తే నమాజు మధ్యలో వదిలి లేవచ్చని వాడికి తెలుసు. తెలిసీ అన్న గొంతు కోసమే చూశాడు. ఎంత పాడు అలవాటు!

ఇక ఆగలేక తనే అరిచాడు, "అల్లాహు అక్బర్!"

అందరి తలలూ ఒక్కసారిగా లేచాయి. ముందు అన్న రెండు ముక్కలైన తలతో బోర్లా పడి ఉన్నాడు. నాగూర్ వలి గుమ్మం దాకా ఉరికి గడ్డపారతో తిరిగొచ్చి సుభానీ రొమ్ములో దించాడు. వాడు పడ్డాక కూడా లాగి మళ్లీ పొడిచాడు. మిగతా ఇద్దర్నీ జనం వీధిలో పట్టుకుని సున్నపురాళ్లతో చావగొట్టారు.

పోలీసులు రాకముందే పెద్దలు శవాలను గోడల వారకు జరిపారు. సర్దార్‌నూ ఆ ముసలాయన్నూ ఎడమ పక్కకు, సుభానీని కుడి పక్కకు. "నమాజు ఆగిపోయిందిరా అబ్బాయ్. మీ అన్న చోట నువ్వు నిలబడు" అన్నాడు ఆ పెద్దల్లో ఒకడైన నూర్ మొహమ్మద్ తాత.

నాగూర్ వలి నూతి దగ్గర నెత్తురు కడుక్కున్నాడు. సగంమందిని గడ్డపారలిచ్చి గుమ్మంలో నిలబెట్టాడు. మిగతా సగంమంది వెనక నిలబడ్డారు. అన్న ఉండగా చేయవలసింది అన్న పోయాక చేస్తున్నానే అనుకున్నాడు.

నమాజు ముగిసేటప్పుడు ముందు కుడివైపు, తర్వాత ఎడమవైపు తల తిప్పి, మీకు శాంతి కలగాలని సలాం చెప్పాలి. కుడివైపు తిరిగాడు. సుభానీ కళ్లు తెరుచుకునే ఉన్నాయి. సలాం చెప్పాడు.

తన చేతుల్తో చంపినవాడికి చెప్పగలిగాడు. ఎడమవైపు తిరిగి అన్నకు చెప్పబోతే గొంతు పెగల్లేదు.