బంగారం రాకూడని గది

చెనిక్కాయలు వేగుతున్నాయి.

మట్టి పెనంలో చిటపట... చిటపట. ఇల్లంతా కమ్మటి వాసన.

అప్పుడు మోగింది ఫోను.

"మోనికా, ఉద్యోగం ఖాయమైందమ్మా. రేపట్నుంచి బ్యాటరీ గది నీదే" అన్నాడు శివరాజు సారు.

తిరుమణి సబ్‌స్టేషన్‌లో ఆయనే పెద్ద. డిప్లొమా ముగించిన కొత్తలో మోనిక పని నేర్చుకున్నది ఆయన దగ్గరే.

మోనిక ఎగిరింది. నిజంగానే ఎగిరింది. చేతిలో గరిటెతో, నట్టింట్లో. గాజులన్నీ ఒక్కసారి మోగాయి. చెనిక్కాయలు కొన్ని మాడాయి.

మాడినవి కూడా తియ్యగానే ఉన్నాయి ఆ పూట.

పెళ్లయి నెల కాలేదు. అన్నీ తియ్యగానే ఉన్నాయి. మొగుడి చొక్కా పక్కన తన చీర ఆరేయడం. ఒకే లోటాలో ఇద్దరి కాఫీ. ప్రశాంత్‌కుమార్ సోలార్ ప్యానెళ్లు కడిగే నీళ్ల ట్రాక్టరు తోలుతాడు. ఇంటికొస్తే వాకిట్లోనే తడి దుమ్ము వాసన — అది కూడా.

ఇప్పుడు ఇది.

ఆ గదంటే ఆమెకు ప్రాణం.

తలుపు తీయగానే పుల్లటి గాలి. ఆగకుండా తిరిగే గోడ ఫ్యాను. బల్లల మీద వరసగా బ్యాటరీలు — నిశ్శబ్దంగా, నిండుగా. బయట కనుచూపు మేర నీలం అద్దాలు ఎండ తాగుతుంటాయి. ఇవి ఏమీ అడగవు. కరెంటు పోయిన రోజున సబ్‌స్టేషన్ కళ్లు మూతపడకుండా చూడాలి. అంతే వాటి పని.

ఆ రోజు ఎప్పుడొస్తుందో తెలియదు.

అయినా నిండుగా ఉండాలి.

దాహమైతే డిస్టిల్డ్ వాటర్ పోయాలి, గీత దాటకుండా. తీగలు బిగించే కొనల మీద తెల్లటి పొడి పేరుకుంటే మూతలు బిగించి వంటసోడా నీళ్లతో తుడవాలి. ఆరాక వాసెలిన్ పూయాలి. చంటిపిల్లల్లా... కాదు, చంటిపిల్లలు ఏడుస్తారు. ఇవి ఏడవవు. అందుకే ఇంకా జాగ్రత్తగా చూడాలి.

"ఒక్క మాటమ్మా." ఫోనులో సారు గొంతు తగ్గింది. "ఇప్పుడు పెళ్లయింది గదా. మెడలో గొలుసు, తాళిబొట్టు... లోపలికి రాకూడదు. తెలుసు గదా? ఆలోచించుకుని సాయంత్రానికి చెప్పు."

తెలుసు.

స్పానర్లకు కూడా టేపు చుట్టి వాడే గది అది. చార్జింగ్‌లో బ్యాటరీలు వదిలే గాలికి ఒక్క నిప్పురవ్వ చాలు. వంగినప్పుడు గొలుసు జారి రెండు కొనలను కలిపిందా — ఒక మెరుపు. ఆ తర్వాత ఏమీ మిగలదు.

తెలుసు. అన్నీ నోటికొచ్చు.

కానీ నేర్చుకున్న రోజుల్లో ఆమె మెడ బోసిగా ఉండేది.

మధ్యాహ్నం అన్నానికి వచ్చిన ప్రశాంత్‌కుమార్ చిటికెలో తేల్చేశాడు.

"ఆడికి పోయినాక తీసి టిఫిను డబ్బాలో పెట్టుకో. మాయమ్మకు ఎవురు చెప్తారు?"

"చట్నీలో పడితే?"

"కడిగిస్తాలే. దినామూ ప్యానెళ్లు కడుగుతాండా, తాళిబొట్టు కడగలేనా?"

ఆమె నవ్వింది. నవ్వు సగంలో ఆగింది.

అత్త కాటమ్మ స్నానానికి కూడా తాళి తీయని మనిషి. కొత్త కోడలిని ఇంటింటికీ తిప్పి చూపించి మురిసిపోయిన మనిషి. ఆమె ఎదుట ఒక మెడ... ఆ గదిలో ఒక మెడ... రోజూ.

వద్దు.

అత్త ఒప్పుకుంటే గది. లేకుంటే లేదు.

దొడ్లో కాటమ్మ గొర్రెలకు నీళ్లు పెడుతోంది. మోనిక వెళ్లి అంతా చెప్పేసింది. ఊపిరి తీసుకోకుండా, ఒక్క గుక్కలో.

కాటమ్మ బక్కెట్టు ఇంకో గొర్రె ముందుకు జరిపింది.

గాలి. గొర్రెలు నీళ్లు తాగే చప్పుడు. గాలి.

"తాళిబొట్టు తీస్తాదంట" అంది చివరికి, పక్కనున్న గొర్రెతో. "వింటివా?"

గొర్రె వినలేదు.

మోనిక కళ్లు నిండాయి. "నాకు ఆయనా కావల్ల, ఆ గదీ కావల్ల అత్తా..."

"ఏడుస్తావేమ్మే! నేనింకా మాట్లాడనే లేదు." కాటమ్మ తడి చేతులు కొంగుకు తుడుచుకుంది. "ఆ బ్యాటరీలకు బంగారం పడదు, సరే. పసుపు?"

"పసుపా?"

"పసుపుకొమ్ము. దాంట్లో పుడ్తాదా నీ మెరుపు?"

"లేదత్తా..."

"కరువొచ్చి గొర్రెలకు మేత లేకుంటే నా తాళిబొట్టే అమ్మితిమి. మళ్లీ వానలు పడేదాకా నా మెడలో పసుపుకొమ్మే. మీ మామకేమైనా అయిందా? గుండ్రాయి మాదిరి ఉండాడు."

అరుగు మీద నుంచి మామ హొన్నూరప్ప దగ్గాడు. అవునన్నట్టే.

మోనిక అత్తను చుట్టేసుకుంది. బక్కెట్టు బోర్లాపడింది. గొర్రెలు చెదిరాయి. ప్రశాంత్‌కుమార్ పరుగెత్తుకొచ్చాడు.

కాటమ్మ విదిలించుకోలేదు. ఆమె చెయ్యి మాత్రం కోడలి మెడ దగ్గరికి వెళ్లింది. గొలుసును తడిమింది... తాళిని తడిమింది... అక్కడే ఆగిపోయింది. కొత్త బంగారం. నెల కూడా కాని బంగారం.

చాలాసేపటికి గానీ ఆ చెయ్యి కిందికి రాలేదు.

"రేపు పొద్దున్నే తలకు పోసుకో" అంది. "దేవుని పటం ముందర వాడు పసుపుకొమ్ము కట్టల్ల. బంగారం దేవుని గూట్లోనే ఉంటాది. కట్టినాకే డ్యూటీ."

"మళ్లీ పెండ్లా!" ప్రశాంత్‌కుమార్ ముఖం వెలిగింది. "మరి భోజనాలు?"

"రాగిముద్ద. తిని ట్రాక్టరెక్కు." కాటమ్మ వంగి బక్కెట్టు ఎత్తింది. మళ్లీ కొడుకు వైపు తిరిగింది.

"రేయ్, తాడు మాత్రం పొట్టిగా కట్టల్ల. బిడ్డ వంగితే ఆ బ్యాటరీలకు తగలగూడదు."