యాభై ఏళ్ల మోకాలినొప్పి

అమెరికాలో నేపర్‌విల్ అనే ఊళ్లో, ఒక వీధి చివరి ఇంట్లో ఉండే లియం బాయిడ్‌కి మోకాలినొప్పి ఇరవై తొమ్మిదో ఏట మొదలైంది. అది ఆదివారాలు మాత్రమే వచ్చే నొప్పి. అదీ సరిగ్గా చర్చిలో పూజ మధ్యలో, అందరూ లేచి వరసలో నిలబడి ఫాదర్ చేతి అప్పం అందుకోవడానికి వెళ్లే వేళకే వచ్చేది. మిగిలిన ఆరు రోజులూ అతను నిచ్చెనలెక్కి ఊళ్లోవాళ్ల ఇళ్లకి పైకప్పులు వేసేవాడు. ఆ నొప్పికి ఏ డాక్టరూ మందు రాయలేదు, అతను ఏ డాక్టరుకీ చెప్పలేదు మరి. డెబ్బై దాటాక, దేవుడికే విసుగొచ్చిందో ఏమో, ఆ నొప్పి నిజంగానే వచ్చి కూర్చుంది.

అసలు సంగతేమిటంటే, అతని పేరు లియం కాదు. ఉత్తర ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్‌లో పుట్టినప్పుడు పెట్టిన పేరు విలియం, ఇంట్లో పిలిచింది బిల్లీ. అతను ప్రొటెస్టెంటు. ఆ ఊళ్లో పేరు చెబితే చాలు, ఏ వీధివాడో, ఏ బడిలో చదివాడో, ఎవరి రాయి ఎవరి కిటికీ మీద పడాలో తేలిపోయేది. నవ్వుతూ ఇంటిపేరు అడిగి, విని, ఏమీ పట్టనట్టు మాట మార్చేసేవాళ్లని ఎరిగున్న మనకి ఈ విద్య కొత్తేమీ కాదు. రెండు వైపులవాళ్లదీ ఒకే క్రీస్తు, ఒకే వాన, ఒకే బంగాళాదుంప. అయినా ఒకరి వీధిలోకి ఒకరు అడుగుపెట్టాలంటే ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వెళ్లాల్సిందే.

బిల్లీ తండ్రి ఓడలు కట్టేచోట పని చేసేవాడు. ఏటా జులైలో మెడలో నారింజరంగు పట్టీ వేసుకుని, డప్పుల వెనక ప్రొటెస్టెంట్ల ఊరేగింపులో నడిచేవాడు. అలాంటివాడి కొడుకు బెర్నడెట్, ముద్దుగా బెర్నీ, అనే కాథలిక్కు పిల్లని పెళ్లి చేసుకున్నాడు. పెళ్లయిన వారానికి పోస్టులో ఒక కవరొచ్చింది. లోపల ఉత్తరం లేదు, ఒక తుపాకీ గుండు ఉంది. పంపింది ఏ వైపువాళ్లో ఈనాటికీ తెలియదు. రెండు వైపులవాళ్లకీ కోపం ఉంది. తండ్రి గుమ్మంలో నిలబడి, 'నాకు ఒక్కతే కూతురు, కొడుకు లేడు' అన్నాడు. తల్లి బయటికి రాలేదు. నెల తిరక్కుండా ఇద్దరూ విమానమెక్కి ఇల్లినాయ్‌లో బెర్నీ అన్నగారింట్లో దిగారు.

మొదటి ఆదివారం చర్చి అయ్యాక, కాఫీ కప్పులు పట్టుకుని పదిమంది చుట్టూ చేరారు. అందరూ ఐరిష్ కాథలిక్కులే. మీవాళ్లెవరు, ఏ ఊరు, ఏ బడి? అక్కడ తప్పించుకొచ్చిన ప్రశ్నలే ఇక్కడ ముద్దుముద్దుగా ఎదురయ్యాయి. అతనికి కవరులోని గుండు గుర్తొచ్చింది. "లియం," అన్నాడు, విలియంకి కాథలిక్కులు వాడే రూపం. పక్కనున్న బెర్నీ, ఆమె అన్నా కాదనలేదు. "మా అమ్మానాన్నా పోయారు," అన్నాడు. అక్కడితో ఊరుకుని ఉంటే బాగుండేది. ఎవరో అయ్యో పాపం అనేసరికి, "అమ్మ రోజూ జపమాల తిప్పేది," అని కూడా అనేశాడు.

ఆ ఒక్క ముక్కతో పోలేదు. పండగకొకరు, విందుకొకరు అడుగుతూనే ఉండేవారు. అతనూ కొంచెం కొంచెంగా ఇస్తూనే వచ్చాడు. ఆమెది టైరోన్ జిల్లా పల్లెటూరు అన్నాడు. ఎర్రజుట్టు అన్నాడు. జపమాలలో ఒక పూస రాలిపోతే దారంతో ముడివేసుకుంది అన్నాడు. రొట్టె చేస్తూ పాడేది అన్నాడు. కొన్నేళ్లకి ఆ తల్లిని ఊళ్లో అందరూ ఎరిగినట్టే మాట్లాడేవారు.

ఒక్కచోట మాత్రం అబద్ధమాడటానికి అతనికి మనసొప్పలేదు. కాథలిక్కులకి అది సాక్షాత్తూ క్రీస్తు శరీరం, కాథలిక్కు కానివాడు ఆ అప్పం తీసుకోకూడదు. మనుషులతో ఎన్నయినా చెప్పాడు గాని, అది నోట్లో వేసుకుంటే అబద్ధం దేవుడి దాకా పోతుందని భయపడ్డాడు. అందుకని మోకాలు పట్టుకుని కూర్చుండిపోయేవాడు. పక్కవాళ్లు వెళ్లడానికి దారిస్తూ, ఏభై ఏళ్లు అలాగే కూర్చున్నాడు.

పందొమ్మిది వందల ఎనభై నాలుగులో చెల్లెలి దగ్గర్నుంచి ఉత్తరమొచ్చింది. అమ్మ పోయింది, నాన్న సమాధి పక్కనే పెట్టాం. అంతే రాసింది. ఐరిష్‌వాళ్లలో ఒక మంచి ఆచారముంది. ఎవరింట్లో మనిషి పోయినా, సముద్రం అవతల పోయినా సరే, ఇరుగుపొరుగు హామ్ అనే పందిమాంసమూ రొట్టే పట్టుకుని వచ్చి కూర్చుంటారు. టీ మీద టీ తాగుతూ, పోయినవాళ్ల కబుర్లు చెప్పుకుంటూ, ఏడుస్తూ, నవ్వుతూ పొద్దుపుచ్చుతారు. కానీ బిల్లీ తన తల్లిని పదకొండేళ్ల కిందటే చంపేసుకున్నాడు. ఒకే తల్లి రెండుసార్లు ఎలా పోతుంది? బేస్‌మెంట్‌లోకి వెళ్లి, వాషింగ్ మెషీన్ తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాడు. బెర్నీ వచ్చి మెట్ల మీద కాసేపు కూర్చుని పైకి వెళ్లిపోయింది. ఉత్తరాన్ని అతనే కాల్చేశాడు.

పిల్లలు లేరు. మూడేళ్ల కిందట బెర్నీ కూడా పోయింది. ఇప్పుడు ఎనభై ఏళ్ల మనిషికి మిగిలినవి ఆదివారం చర్చి, గురువారం పేకాట, రోజూ సాయంత్రం బ్రతికే ఉన్నావా అని ఫోన్ చేసే చర్చి స్నేహితురాలు పెగ్గీ. ఆ మూడూ ఆ అబద్ధం మీదే నిలబడి ఉన్నాయని అతని నమ్మకం. అది తెలిసిపోతే ఆ ఫోన్ కూడా మోగదు. గోడలతో మాట్లాడుకోవాలి. అతనికి చావంటే అంత భయం లేదు గాని, ఇదంటే ఉంది.

ఆ ఏప్రిల్‌లో ఎదురింట్లోకి లక్ష్మీకాంతం వచ్చింది. ఆ ఇంటామె రేణుకి తల్లి, ఆరునెలల వీసా మీద దిగింది. విజయవాడ పోస్టాఫీసు కౌంటర్లో ముప్ఫయ్యేళ్లు కూర్చున్న మనిషి కాబట్టి ఎవర్ని పలకరించడానికీ మొహమాటపడదు. కూతురూ అల్లుడూ పొద్దున్న కార్లలో పోతే సాయంత్రం గాని రారు. మెయిల్‌బాక్స్ దగ్గర బిల్లీ కనపడగానే పట్టుకుంది.

"లియం గారూ, వాక్‌కి వస్తారా? వెదర్ బాగుంది. ఇంట్లో కూర్చుంటే ఏం లాభం, నో యూజ్!"

ఆమె మాటలో సగం ఇంగ్లీషు, సగం తెలుగు. అతనికి సగమే అర్థమయ్యేది, అదీ చాలనిపించేది. ఆ 'గారూ' ఏమిటని అడిగితే, "రెస్పెక్ట్ అండీ," అంది. ఆదివారం అతను చర్చికి బయల్దేరుతుంటే తనూ చెప్పులేసుకుంది. మా గుణదల కొండ మీద మేరీమాతకి కొబ్బరికాయ కొట్టని బెజవాడ మనిషి ఉండడు, నాకేం కొత్తా అంది. రెండు వారాలు అతని పక్కన బుద్ధిగా కూర్చుని అన్నీ చూసింది. మూడో వారం పూజలో అందరూ లేచి వరసకట్టారు. బిల్లీ మోకాలు పట్టుకున్నాడు. లక్ష్మీకాంతం అతని మోకాలి వైపు జాలిగా చూసి, లేచి వెళ్లి వరసలో నిలబడింది.

అతను ఆపుదామని చెయ్యి చాచాడు గాని ఆమె అప్పటికే దాటిపోయింది. ఆమె కుడిచెయ్యి పైన పెట్టి దోసిలి పట్టింది. కేరళ క్రైస్తవురాలు అనుకున్నాడో ఏమో, ఫాదర్ అందులో అప్పం పెట్టాడు. ఆమె దాన్ని కళ్లకద్దుకుంది. నోట్లో వేసుకోలేదు. గుడికి రాలేని ముసలివాళ్లకి ప్రసాదం పట్టుకెళ్లినట్టు, రెండు చేతుల మధ్య భద్రంగా పెట్టుకుని, నడవా పొడుగునా తిరిగొచ్చింది. ఆమె వెనకే చర్చి పనివాడు కంగారుగా నడుస్తున్నాడు. వరసలో ఉన్నవాళ్లందరూ తలలు తిప్పి చూశారు.

"తీసుకోండి లియం గారూ. మీరు లేవలేరు కదా, మీ కోసమే తెచ్చాను. టేక్, టేక్."

అతను ఆ తెల్లని అప్పం వంక చూశాడు. తీసి నోట్లో వేసుకుంటే అర నిమిషంలో అయిపోతుంది. ఎవరికీ ఏమీ తెలియదు. సాయంత్రం పెగ్గీ ఫోన్ చేస్తుంది. చెయ్యి సగం దాకా లేచింది కూడా.

"నేను తీసుకోకూడదు," అన్నాడు. గొంతు అనుకున్నదానికంటే పెద్దగా వచ్చింది. "నేను కాథలిక్కుని కాదు. ఏనాడూ కాలేదు."

పియానో వాయించే అమ్మాయి ఆపేసింది. ఫాదర్ మెట్లు దిగి వచ్చి, లక్ష్మీకాంతం చేతుల్లోంచి అప్పాన్ని మర్యాదగా తీసుకుని తనే స్వీకరించి, ఆమెకి నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు. బిల్లీ రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, ఎవరో ఒకరు లేచి ఏదో ఒకటి అంటారని ఎదురుచూశాడు. వెనక బెంచీలోంచి పెగ్గీ ముందుకి వంగింది.

"ఊరుకో బిల్లీ," అంది. "మాకు తెలుసు."

ఆ పేరుతో అతన్ని బెర్నీ తప్ప ఈ దేశంలో ఎవరూ పిలవలేదు.

పూజ అయ్యాక మెట్ల మీద పెగ్గీ అంతా చెప్పింది. వచ్చిన రెండో శీతాకాలంలోనే బెర్నీ చెప్పేసిందట. అతనికి భయం, తెలిసినట్టు కనపడకండి, మీకు పుణ్యముంటుంది అని ఇంటింటికీ తిరిగి బతిమాలుకుందట. "మాట ఇచ్చాం. అప్పటి ఫాదర్‌కీ తెలుసు. పైకప్పు మీద గంతులేసేవాడికి మోకాలినొప్పేమిటి బిల్లీ, మేం అంత వెర్రివాళ్లమా?" అని నవ్వబోయింది.

అతను నవ్వలేదు. "మా అమ్మ పోయిందనీ తెలుసా?"

పెగ్గీ నవ్వు ఆగిపోయింది. "తెలుసు. బెర్నీ చెప్పింది. హామ్ వండి మీ గేటు దాకా వచ్చాను. లోపలికొస్తే నీకు తెలిసిపోతుందని ఆగాను. చాలాసేపు నిలబడి, వెనక్కి వెళ్లిపోయాను. మా పిల్లలు మూడు రోజులు తిన్నారు దాన్ని."

"వచ్చి ఉండాల్సింది," అన్నాడు బిల్లీ. కర్ర టకటకలాడించుకుంటూ ఒక్కడే ఇంటికి నడిచాడు.

అతనికి కోపం ఎవరి మీదో తేలలేదు. బెర్నీ మీద అనుకుంటే ఆమె లేదు. జనం మీద అనుకుంటే వాళ్లు చేసిన తప్పేముంది, మంచితనమే కదా. దొంగలా దాక్కున్నాననుకున్న ఇంట్లో, దీపాలన్నీ వేసి ఉన్నాయట, అందరూ తనని చూస్తూనే ఉన్నారట. మరి ఏభై ఏళ్ల భయం ఎవరి కోసం? వాషింగ్ మెషీన్ చప్పుడులో ఏడ్చింది ఎందుకు? వెలివేస్తారేమోనని జీవితమంతా భయపడ్డాడు. తీరా చూస్తే తనని వెలివేసింది తనే. రెండు ఆదివారాలు చర్చికి వెళ్లలేదు. పెగ్గీ ఫోన్ మోగి మోగి ఆగిపోయేది, తీయలేదు. మోగకపోతే చచ్చిపోతాననుకున్న ఫోనే అది.

ఎదురింట్లో లక్ష్మీకాంతానికి కూతురు చీవాట్లు పెట్టింది. "అమ్మా, అది ప్రసాదం కాదమ్మా! వాళ్లకది చాలా సీరియస్. అసలు నిన్నెవరు లైన్‌లో నిలబడమన్నారు?" పాపం ఆమె రోజూ వచ్చి తలుపు కొట్టి, తియ్యకపోతే ఒక డబ్బాలో ఉప్మానో పులిహోరో పెట్టి, "సారీ అండీ, తెలీక చేశాను," అని తలుపుతోనే చెప్పి వెళ్లిపోయేది. ఆ డబ్బాలు మాత్రం అతను లోపలికి తీసుకునేవాడు.

మూడో ఆదివారం మధ్యాహ్నం వాకిట్లో మూడు కార్లు ఆగాయి. కిటికీలోంచి చూస్తే పెగ్గీ, పేకాట జట్టులో ముగ్గురు, వెనక ఫాదర్. అందరూ నల్లబట్టల్లో ఉన్నారు. పెగ్గీ చేతుల్లో రేకు కప్పిన పెద్ద పళ్లెం. ఈసారి ఆమె గేటు దగ్గర ఆగలేదు. బెల్ కూడా కొట్టకుండా తలుపు తోసుకుని వచ్చి, పళ్లెం బల్ల మీద పెట్టింది.

"నలభై ఏళ్లు ఆలస్యమైంది," అంది. "కూర్చోమంటావా, పొమ్మంటావా?"

అతను పక్కకి జరిగాడు. కార్లు చూసి ఏదో జరిగిందని లక్ష్మీకాంతం కూడా పరిగెత్తుకొచ్చింది. సంగతి ఫాదర్ మెల్లగా చెబితే, చావు పరామర్శ అని అర్థం చేసుకుని, చీర కొంగు నిండుగా కప్పుకుని ఒక మూల కూర్చుంది. ఎవరో టీ పెట్టారు. కప్పులు అందాయి. ఇన్నేళ్లుగా అతను కోరుకున్నది ఇదే, అచ్చం ఇలాగే.

"చెప్పు బిల్లీ," అంది పెగ్గీ. "ఎలా ఉండేది మీ అమ్మ?"

చెప్పడానికి నోరు తెరిచాడు. పిలిచినట్టే వచ్చి నిలబడింది ఎర్రజుట్టు ఆవిడ. చేతిలో జపమాల, రాలిన పూస చోట దారం ముడి, పిండి అంటిన వేళ్లు, పాట. ఏభై ఏళ్లు అడిగినవాళ్లందరికీ చెప్పి చెప్పి కళ్లకి కట్టినట్టున్న ఆ లేని తల్లి. కాదు, నువ్వు కాదు అనుకున్నాడు. ఆమెని పక్కకి నెట్టి, వెనక ఉన్నావిడ కోసం వెతికాడు. జుట్టు రంగు ఏమిటి? పాడేదా అసలు? తనని అన్నానికి ఏమని పిలిచేది? కళ్లు మూసుకుని చాలాసేపు వెతికాడు. ఎర్రజుట్టు ఆవిడే మళ్లీ మళ్లీ ఎదురొచ్చింది.

"పెగ్గీ," అన్నాడు. "మొహం గుర్తు రావడం లేదు."

పెగ్గీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. లక్ష్మీకాంతం మూల నుంచి లేచి వచ్చి అతని పక్కన కూర్చుంది.

"పోనీ, పేరేమిటండీ? నేమ్?"

"ఐడా," అన్నాడు బిల్లీ. "అదొక్కటే ఉంది."