డబ్బా కాగితం లోపలివైపు

"చేతులు కడుక్కుని రావే, ఉత్తరానికి చేపకంపు అంటుకుంటుంది," అన్నాడు కుస్తోదియో. ఇరవై రెండేళ్ళుగా ఆ కంపుతోనే ఇంట్లో పొయ్యి వెలుగుతోందన్న సంగతి ఆయనకు ఒక్కనాడూ గుర్తుకు రాదు.

ఎర్మీనియా చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంది. సెతూబల్ రేవుకు పడవలు రాగానే చేపల ఫ్యాక్టరీ కూత పెడుతుంది. వేళాపాళా లేదు, పొయ్యిమీది సూప్ దించి పరుగెత్తాలి. తిరిగొచ్చి అదే సూప్ వేడిచేసి వడ్డించాల్సిందీ తనే. కొడుకు అనీబల్‌ను సముద్రాల అవతల, తమ దేశం ఏలుతున్న గినీలో యుద్ధానికి పట్టుకుపోయిన రోజు, "చలికి చెవులు కప్పుకో నాయనా" అని అలవాటుగా అనేసి, ఇంట్లోకొచ్చి మొగుణ్ణి అడిగింది. "ఆ నేల అక్కడివాళ్ళది కదండీ, మనవాడెందుకు చావాలి?" ఆయన కసురుకున్నాడు. "చదువూ సంధ్యా లేనిదానివి, నీకెందుకే రాజ్యాల గొడవ? వెళ్ళి చేప తలకాయలు కోసుకో!" పక్కనే అత్తగారు కిసుక్కున నవ్వింది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

తలకాయలు కోస్తూనే ఉంది. కానీ ఫ్యాక్టరీలో పక్క పీట లియోకాదియా భోజనాల వేళ బొగ్గుముక్కతో అట్టపెట్టె మీద అక్షరాలు దిద్దించింది. ఏడాది తిరిగేసరికి, సైన్యానికి పోయే చేపల డబ్బాలకు చుట్టే కాగితాల లోపలివైపు ఇద్దరూ పెన్సిలుతో రాయసాగారు. "ఈ యుద్ధం మీది కాదు నాయనలారా, తుపాకి దించండి." దొరికితే రహస్య పోలీసులు ఆడదని కూడా చూడరు. అయినా రాసింది.

అనీబల్ రాసిన ఇవాళ్టి ఉత్తరం టపాలో రాలేదు. కాలు పోగొట్టుకుని తిరిగొచ్చిన సిపాయి ఒకడు చొక్కాలో దాచి తెచ్చాడు. కుస్తోదియో గొంతు సవరించుకున్నాడు.

"'చేపల డబ్బా విప్పితే, కాగితంలో యుద్ధం వద్దని రాసి ఉంది. కింద, చలికి చెవులు కప్పుకో అని! ఈ మండుటెండలో చెవులేంట్రా అని అందరూ పడీపడీ నవ్వారు. నేను ఏడ్చాను. ఆ మాట అనేది లోకంలో ఒక్కతే...'"

ఆయన ఆగిపోయాడు. పెళ్ళాం ముఖంలోకి కొత్త మనిషిని చూసినట్టు చూశాడు.

"నీకు... రాయడం ఎప్పుడొచ్చిందే?"

"ఇలా ఇవ్వండి. మిగతాది నేను చదువుతాను."

వేలు కింద పెట్టుకుని, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ, వీధికి వినపడేంత గొంతుతో చదివింది.

"'అమ్మా, మర్నాడు పదకొండు మందిమి కాల్పులకు వెళ్ళేది లేదని కూర్చున్నాం. జైలుకు పంపుతారట. పంపనీ. నువ్వు మాత్రం రాయడం మానకు.'"