పల్లేరు తోవ

రోజూ పొద్దున గుట్ట ఎక్కబోయే చోట దేవసహాయం ఒక్కటే మాట అనేవాడు.

"రేపు రాను."

ఆ మాట గుట్టకు అలవాటైపోయింది. ఉప్పల్ ఇళ్లు అయిపోయి, పీర్జాదిగూడ దిక్కు బండరాళ్లు మొదలయ్యే చోట, తుమ్మచెట్ల నడుమ మేకలు వేసిన కాలిదారి ఒకటి పైకి పోయేది. నాచారం ఫ్యాక్టరీలో లేతు మిషను మీద ఎనిమిది గంటలు నిలబడే మనిషి, డ్యూటీకి ముందు ఆ దారిన ఎందుకు ఉరుకుతాడో ఎవరికీ తెలియదు. పందెం లేదు, పతకం లేదు. మూడేళ్ల కింద ఒకనాడు ఊరికే ఉరికాడు. మర్నాడు మళ్లీ ఉరికాడు. అంతే.

"ఎవలన్న ఎంట వడ్డరా ఏంది, సాయమన్నా?" అని పక్క మిషను బుచ్చిరాములు రోజూ అడిగేవాడు.

ఉరికినంతసేపూ దేవసహాయం దారిని తిట్టేవాడు. మడమ కింద కంకర జారేది. డొక్కలో పట్టేసేది. ఇంటికొచ్చి మెట్టు మీద కూలబడితే, భార్య మార్తమ్మ అతని మేజోళ్లు ఒళ్లో పెట్టుకుని, గుచ్చుకున్న పల్లేరుకాయలు ఒక్కొక్కటే పీకి చాటలో వేసేది.

"గంత తిప్పలైతుంటె ఎందుకు పోతవయ్యా?"

"రేపు పోను."

"నిన్న గూడ గదే అన్నవ్."

తొంభై రెండులో శ్రమల దినాలు మార్చి మొదట్లోనే వచ్చాయి. ఈస్టరు దాకా ఆ నలభై రోజులూ ఇష్టమైనదేదో ఒకటి దేవుని కోసం మానుకోవడం వాళ్ల చర్చిలో వాడుక. భస్మ బుధవారం ఆరాధన అయ్యాక పాస్టరయ్య ఒక్కొక్కరినీ అడిగారు. మార్తమ్మ చాయ్ విడిచింది. దేవసహాయం వంతు వచ్చింది. బీడీ అనుకున్నాడు, మటన్ అనుకున్నాడు. ఏదీ నోటిదాకా రాలేదు.

"ఉరుకుడు," అన్నాడు.

మార్తమ్మ తలతిప్పి చూసింది. "మంచి కానుక," అన్నారు పాస్టరయ్య. దేవసహాయం తల దించుకున్నాడు. కాల్లో ముల్లు పీకి కానుకల సంచిలో వేసినవాడిలా లోలోపల నవ్వుకున్నాడు.

మొదటి వారం కంటినిండా నిద్రపోయాడు.

రెండో వారం నుంచి ఆ నిద్రలోకే దారి వచ్చింది. తెల్లవారుజామున, కళ్లు ఇంకా మూసి ఉండగానే, చాప అంచు దాటితే తుమ్మచెట్లు. తాబేలులా బోర్లా పడుకున్న పెద్ద బండ. దాని వెనక నీడలో, పొద్దెక్కినా పోని రాత్రి చల్లదనం. అడుగు చప్పుడుకు గుప్పున లేచే కముజుపిట్టల జత. అన్నీ ఉండేవి. కాళ్లు మాత్రం నేలకు తగిలేవి కావు. కంకర జారేది కాదు. ఎంత దూరం పోయినా ఊపిరి ఎగసేది కాదు. ఒక్క రాయన్నా పొడిస్తే బాగుండునని ఆ కలలోనే దిగులుపడేవాడు. ఫ్యాక్టరీలో మిషను మీద ఇనుప పొట్టు మెలికలు తిరిగి రాలుతుంటే, ఆ మెలికల్లో గుట్ట మలుపులు వరసగా వచ్చేవి. రెండుసార్లు కొలత తప్పాడు.

మట్టల ఆదివారానికి నాలుగైదు రోజుల ముందు బుచ్చిరాములు కబురు తెచ్చాడు.

"సాయమన్నా, నీ గుట్ట కాడ రాయి కొడుతున్నరు. ప్లాట్లు జేస్తరంట. మీ పండుగ దాంక నీ తొవ్వ ఉండది. జర వోయి ఒక్కపారి ఉరికిరా. మీ దేవుడు గుట్టెక్కి కావలి ఉంటడా ఏంది?"

"గుట్టనే ఆయనది, బుచ్చన్నా," అన్నాడు దేవసహాయం. అన్నాడే కానీ, ఆ పూట తెచ్చుకున్న సద్ది ముట్టలేదు.

సాయంత్రం మార్తమ్మ బియ్యం ఏరుతుంటే వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"మార్తా, నేను దేవుణ్ని మోసం జేసిన."

"ఏం జేసినవ్?"

"ఇష్టమున్నది ఇడువుమంటె, కష్టమైంది ఇడిసిన. పీడ వోతదనుకున్న."

ఆమె చేతిలో రాయిబెడ్డ పక్కన వేసి నవ్వింది. "నువ్వు గట్లనుకున్నవని నాకు గా దినమే ఎరుక."

"మరి అననే అనకపోతివి?"

"మూడేండ్ల సంది నీ ముండ్లు పీకుతున్న. కష్టమైన దాని ఎంట మనిషి మూడేండ్లు ఉరుకుతడా?" మళ్లీ చాట మీదికి వంగింది. "ఇంకెన్ని దినాలున్నయ్?"

"పన్నెండు."

"కానుకైంది ఇప్పుడే గదా. ఇప్పుడు గుంజుకుంటవా?"

అతను గుట్టకు పోలేదు. పన్నెండు రోజులూ పొద్దున్నే సుత్తెల చప్పుడు పక్కలోకి వచ్చేది. ఏ దెబ్బ ఏ బండ మీద పడుతోందో పడుకునే పోల్చుకునేవాడు.

ఈస్టరు నాడు తెల్లవారకముందే అందరూ కొవ్వొత్తులు పట్టుకుని సమాధుల తోటకు చేరారు. పాటలు అయ్యేసరికి తూర్పు తెల్లబడింది. మార్తమ్మ కొవ్వొత్తి ఆర్పి భర్తను కిందిదాకా చూసింది. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, కింద పాత కాన్వాసు బూట్లు.

"పో," అంది.

తాబేలు బండ సగమే మిగిలింది. కోసిన మొహం కొబ్బరిముక్కలా తెల్లగా ఉంది. దాని అవతల నాలుగడుగులు వేస్తే దారి లేదు, గుంత ఉంది. గుంత అంచున నిలబడ్డాడు. ఊపిరి ఒక్కటే వినబడుతోంది. అంతలో ఎడమ పక్క, ఎండుపొదల్లో, పచ్చి మేకపెంటికలు కనబడ్డాయి. మేకలకూ దారి పోయింది. అవి గుట్ట వెనకనుంచి ఇంకోటి వేసుకుంటున్నాయి. ఇరుకు, నిట్టనిలువు. మొదటి అడుగులోనే మడమ జారింది.

"థూ, గిదేం తొవ్వ!" అన్నాడు. అంటూనే ఉరికాడు.

ఇంటికొచ్చేసరికి మార్తమ్మ మెట్టు మీద కూర్చుని, నలభై రోజుల తర్వాతి చాయ్ చిన్నచిన్న గుక్కల్లో తాగుతోంది. గ్లాసు పక్కన పెట్టి మేజోళ్లు ఒళ్లోకి తీసుకుంది. ఒక ముల్లు పీకి వెలుగుకు పట్టి చూసింది.

"పల్లేరు గాదు గిది. ఉత్తరేణి. గుట్ట ఎనక దిక్కు పోయినవా?"

"రేపు పోను," అన్నాడు దేవసహాయం.

ఆమె చాట దగ్గరికి లాక్కుంది.